రొయ్యల ఐస్‌లో తల్లిపాలు

ఆ రోజు పొద్దున కామాక్షి గాజులు తీయమని నా ముందుకు చెయ్యి చాపింది. చేతులు ఉబ్బి గాజులు మణికట్టు దగ్గర బిగుసుకుపోయాయి. సబ్బు రాసినా రాలేదు. అప్పటికి ఏడో నెల.

"తల పగిలిపోతా ఉండాది మావా. కళ్ళ ముందర మెరుపులు మెరిసినట్టు ఉండాది" అంది.

పైత్యం అన్నాను. నాకు తెలియని సంగతి లోకంలో లేదని నా నమ్మకం. జీలకర్ర నీళ్ళు తాగి పడుకోమని చెప్పి పనికి వెళ్ళిపోయాను.

మాది మైపాడు దగ్గర ఒక పల్లె. నా పని ఐస్. రొయ్యల గుంటల్లో పట్టుబడి, అంటే పెరిగిన రొయ్యల్ని వలేసి పట్టడం, జరిగే రోజున ఐస్ తెప్పించి, పొడి కొట్టించి, ఒక వరస ఐసు, ఒక వరస రొయ్యలు వేసి పెట్టెలు కట్టించి లారీ ఎక్కించే వరకు పూచీ నాది. అప్పటికి పదహారేళ్ళుగా అదే పని. నేను కట్టిన పెట్టెలో సరుకు చెడిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఈ గొప్పలు ఇక్కడ ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

పట్టుబడి సగంలో ఉండగా అత్త ఫోన్ చేసింది. అత్త అంటే కామాక్షి వాళ్ళమ్మ, కాన్పు కోసమని మా ఇంటికి వచ్చి ఉంది. నేను పైత్యం అన్నా ఆమె ఊరుకోలేదు. కూతుర్ని ఆటోలో ప్రైమరీ హెల్త్ సెంటర్‌కి తీసుకుపోయింది.

"నాయనా, బిడ్డకి బీపీ నూట డెబ్బై అంట. ఈడ పెట్టుకోం, నెల్లూరు తీసకపొమ్మంటా ఉండారు. బిరీన రా" అంది.

నెల్లూరులో లేడీ డాక్టర్ చూసీ చూడగానే చెప్పింది. "ప్రీ-ఎక్లాంప్సియా. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే బీపీ జబ్బు. ఫిట్స్ వచ్చాయంటే ఇద్దరికీ ప్రమాదం. బిడ్డని ఇప్పుడే తియ్యాలి. ఇక్కడ సంతకం పెట్టండి."

"ఇంకా ఏడో నెలే గదా మేడం, రవ్వంత ఆగితే..." అన్నాను.

"ఆగితే ఏమవుతుందో చెప్పాను కదా" అంది ఆమె. సంతకం పెట్టాను.

ఆడపిల్ల. పదకొండు వందల గ్రాములు. అద్దాల పెట్టెలో పడుకోబెట్టి, చేతికి 'బేబీ ఆఫ్ కామాక్షి' అని చీటీ కట్టారు. ముక్కులో గొట్టం, నోట్లో గొట్టం, బొడ్డులో గొట్టం. తొడ నా బొటనవేలంత కూడా లేదు. పిల్లల డాక్టర్ మెత్తగా మాట్లాడే మనిషి. "ఊపిరితిత్తులకి మందు వేశాం. ఇక చూసుకోవాల్సింది పేగులు. ఈ బరువు పిల్లకి డబ్బా పాలు మంచివి కావు. తల్లిపాలే మందు. ఒక ఎంఎల్‌తో మొదలుపెడదాం" అన్నారు.

తల్లి చూస్తే ఐసీయూలో ఉంది. మూడో రోజుకు బీపీ కాస్త దిగాక, పసిపిల్లల ఐసీయూ, అదే ఎన్ఐసీయూ, నుంచి సిస్టర్ వచ్చి పాలు ఎలా పిండాలో చూపించింది. గంటసేపు అవస్థ పడితే సిరంజిలో రెండు ఎంఎల్ వచ్చాయి. పసుప్పచ్చగా, చిక్కగా ఉన్నాయి. "ఇంతేనా?" అని కామాక్షి ఏడ్చింది.

"ఈ పూటకి పాపకి ఇవి చాలు అక్కా. మూడు గంటలకొకసారి మానకుండా తియ్యి. అవే పెరుగుతాయి" అంది సిస్టర్.

నిజంగానే పెరిగాయి. కానీ తొమ్మిదో రోజున కామాక్షి కుట్ల దగ్గర చీము పట్టి జ్వరం వచ్చింది. యాంటీబయాటిక్స్ పెట్టారు, ఆ మందులతో పాలకు ఇబ్బంది లేదన్నారు. కాస్త తగ్గాక డిశ్చార్జ్ చేశారు. పిల్లల దగ్గర తల్లులు ఉండే గదిలో మంచం ఖాళీ లేదు. కుట్ల గాయం ఇంకా మానని మనిషిని వరండాలో ఉంచలేక ఇంటికి తీసుకొచ్చాను. పాప నెల్లూరులో, తల్లి పల్లెలో. మధ్యలో పాలు మోసే మనిషిని నేను.

సిస్టర్ నన్ను నిలబెట్టి చెప్పింది. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పాలు తీసే పంపు, సీసాలు మరగబెట్టాలి. పాలు పోసిన ప్యాకెట్ మీద తేదీ, టైము రాయాలి. ఆ రోజుకు కావలసినవి ఫ్రిజ్‌లో, మిగిలినవి ఫ్రీజర్‌లో పెట్టాలి. ఒకసారి కరిగిన పాలు మళ్ళీ గడ్డ కట్టించకూడదు. తెచ్చేటప్పుడు ఫ్రీజర్‌లో బాగా గట్టిపడిన జెల్ ప్యాకుల మధ్యన పెట్టి తేవాలి.

"ఐస్ గురించి నాకా సిస్టర్ చెప్పేది? మా ఊళ్ళో అడగండి నేనెవరో" అని నవ్వాను. ఆమె కూడా నవ్వి, "అయినా జెల్ ప్యాకే వాడన్నా" అంది.

ఫ్రీజర్‌లో ఉన్న చేపలన్నీ తీసి పక్కింటికిచ్చి, వేడినీళ్ళతో తుడిచాను. కామాక్షి ఫోన్‌లో పాప ఫోటో ఎదురుగా పెట్టుకుని గోడకానుకుని కూర్చునేది. చేత్తో నొక్కే పంపు. చనుమొనలు పగిలి రక్తం వచ్చేది, జ్వరం వచ్చి పోతూ ఉండేది. అయినా మానలేదు. ఏ ప్యాకెట్ ఎప్పుడు తీసిందీ గోడ క్యాలెండర్ మీద రాసుకునేది. పాప తాగేది కొంచెమే కాబట్టి ఫ్రీజర్‌లో ముప్పై నాలుగు ప్యాకెట్లు చేరాయి. అత్త ఒక్కో ప్యాకెట్‌నూ కళ్ళకద్దుకుని లోపల పెట్టేది. పాప పన్నెండు వందల యాభై గ్రాములైంది. నాకు ఆ వారం కాస్త అన్నం సహించింది.

అప్పుడే వాయుగుండం పట్టుకుంది. రెండు రోజులు ఆగకుండా వాన. దారిలో ఒకచోట రోడ్డు మీద నీళ్ళు పారి నెల్లూరుకు రాకపోకలు ఆగిపోయాయి. ఆస్పత్రికి ఫోన్ చేస్తే, మూడు రోజులకు సరిపడా పాలు వాళ్ళ దగ్గర ఉన్నాయి, కంగారు పడొద్దన్నారు. ఆ మధ్యాహ్నమే మాకు కరెంటు పోయింది.

ఇక్కడే నా తెలివి బయటపడింది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు, ఫ్రిజ్‌ను నమ్ముకుంటే పాలు కరిగిపోతాయి అనుకున్నాను. అత్త అడిగింది కూడా. "నాయనా, తలుపు తియ్యకుండా అట్నే పెట్టేస్తే చల్లగా ఉండదా?"

"నువ్వూరుకో అత్తా. ఐస్ పని నాకు నేర్పిస్తావా?" అని కసిరాను.

వానలో తడుస్తూ పోయి ఐస్ ఫ్యాక్టరీలో మిగిలిన ఐస్ తెచ్చాను. కొత్తదాని లాంటి థర్మాకోల్ పెట్టె బ్లీచింగ్‌తో కడిగాను. పొడి ఐస్ ఒక వరస, పాల ప్యాకెట్లు ఒక వరస, మళ్ళీ ఐస్. రొయ్యలకు ఎలా కడతానో అలాగే, ఇంకా జాగ్రత్తగా కట్టాను. మూత చుట్టూ టేపు వేశాను. పెట్టె కట్టాక ఊరికే తెరిచి చూడటం మా పనిలో తప్పు, లోపలికి గాలి పోతుంది. అందుకని తెరవలేదు. రెండో రోజు ఐస్ మార్చాలని పోతే ఫ్యాక్టరీ మూసి ఉంది, వాళ్ళకూ కరెంటు లేదు.

మూడో రోజు పొద్దున కరెంటు వచ్చింది. టేపు కోసి మూత తీశాను. ఐస్ సగం నీళ్ళైంది. ప్యాకెట్లు ఆ నీళ్ళలో తేలుతున్నాయి. రాసిన అక్షరాలు చెదిరిపోయాయి. ఒకటి పట్టుకుని నొక్కితే లోపల పాలు అటూ ఇటూ కదిలాయి.

లోపలి గదిలో కామాక్షి పంపు పట్టుకుని కూర్చుని ఉంది. వాన రోజుల్లో జ్వరం మళ్ళీ ఎక్కువైంది, పాలు బాగా తగ్గాయి. ఆ పూట ఇరవై ఎంఎల్ కూడా రాలేదు. అక్కడి నుంచే అడిగింది. "బాగుండాయా మావా?"

"రాయి మాదిరి ఉండాయి" అన్నాను.

ఎందుకన్నానో ఇన్నాళ్ళూ ఆలోచించాను. అవి పోయాయంటే ఆమె ఆ పూటే కూలిపోతుందని భయం. అవి పోతే పాపకు పాలు లేవని భయం. నేను కట్టిన పెట్టెలో చెడిందని ఒప్పుకోవడానికి నామోషీ. మూడూ ఉన్నాయి. ఏది ఎక్కువో చెప్పలేను.

ప్యాకెట్లు తుడిచి ఫ్రీజర్‌లో పెట్టాను. సాయంత్రానికి గట్టిపడ్డాయి. క్యాలెండర్ చూసి కొత్త చీటీలు రాసి, పాత తేదీలే వేసి అంటించాను. మరుసటి రోజు రోడ్డు మీద నీళ్ళు తగ్గేసరికి పన్నెండు ప్యాకెట్లు పట్టుకుని నెల్లూరు వెళ్ళాను.

"మీ వైపు కరెంటు పోయిందంట కదన్నా. పాలు కరగలేదు కదా?" అని సిస్టర్ అడిగింది.

"లేదు సిస్టర్" అన్నాను.

ఆమె చీటీలు చూసి, ప్యాకెట్లు తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ మరునాడు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. "పాప పొట్ట ఉబ్బింది. ట్యూబులో పచ్చగా వస్తోంది. ఫీడ్స్ ఆపేశాం. మీరు వెంటనే రండి." ఇరవై అయిదు కిలోమీటర్లు బండి ఎలా నడిపానో గుర్తు లేదు. పాప పొట్ట నల్లబడి మెరుస్తోంది. ఊపిరి మధ్య మధ్యలో ఆగిపోతుంటే సిస్టర్ అరికాలి మీద తట్టి లేపుతోంది. డాక్టర్ ఎక్స్-రే వెలుతురుకు పెట్టి చూపించారు. నాకేమీ అర్థం కాలేదు.

"ఎన్ఈసీ అని అనుమానం. పేగుకి జబ్బు. నోటి ద్వారా ఏమీ ఇవ్వం, యాంటీబయాటిక్స్ పెడుతున్నాం. ఎనిమిది గంటలకొకసారి ఎక్స్-రే తీస్తాం. పేగుకి చిల్లి పడితే సర్జరీ చెయ్యాలి. ఈ బరువులో సర్జరీ అంటే..." అని ఆగిపోయారు.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఏ దేవుడికీ మొక్కలేకపోయాను. ఏ ముఖం పెట్టుకుని మొక్కాలి? లేచి లోపలికి పోయి డాక్టర్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. "సార్, ఆ పాలు కరిగిపోయినాయి. నేనే మళ్ళీ గడ్డ కట్టించినా. చీటీలు కూడా నేనే మార్చినా" అన్నాను.

ఆయన తిట్టలేదు. ఎన్ని గంటలు ఐస్‌లో ఉన్నాయి, ఐస్ ఏ నీళ్ళతో చేసింది, ప్యాకెట్లలోకి నీళ్ళు పోయాయా అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. మిగిలిన ప్యాకెట్లన్నీ తీసేయించారు. క్రిములేమైనా ఉన్నాయేమో చూడటానికి ఒకటి కల్చర్‌కి పంపించారు. పక్కనే ఉన్న సిస్టర్ ముఖం పాలిపోయింది. "నేను అడిగినా గదన్నా" అంది, అంతే. తిట్టినా బాగుండేది.

"ఈ పాల వల్లే వచ్చిందని నేను చెప్పలేను. నెలలు నిండని పిల్లలకి ఏ తప్పూ జరక్కపోయినా ఇది వస్తుంది" అన్నారు డాక్టర్. తర్వాత అడిగారు. "మీరు ఐస్‌లో వేసిన రొయ్య గడ్డ కడుతుందా?"

"కట్టదు సార్. చల్లగా ఉంటాది, అంతే."

"మరి? ఐస్ కన్నా ఫ్రీజర్ చాలా చల్లన. ఫ్రీజర్‌లో రాయిలా ఉన్న పాలని తెచ్చి ఐస్‌లో పెడితే మెల్లగా కరిగించినట్టే. ఆ ఫ్రిజ్ తలుపు తియ్యకుండా వదిలేసినా ఇంతకంటే నయంగా ఉండేవి."

పదహారేళ్ళుగా రోజూ చేత్తో పట్టుకుని చూసిన సంగతి. దాన్ని ఒకరు చెబితే గానీ తెలుసుకోలేకపోయాను. అత్త చెప్పిన మాట గుర్తొచ్చి నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

ఇంటికి వెళ్ళి కామాక్షికి చెప్పాను. పాపకు పేగు జబ్బు వచ్చిందని, వానకు కరెంటు పోయి పాలు మెత్తబడ్డాయి కాబట్టి అన్నీ పారబొయ్యమన్నారని చెప్పాను. అంతవరకే చెప్పాను. ఆమె అరవలేదు. ఫ్రీజర్‌లో మిగిలిన ఇరవై రెండు ప్యాకెట్లు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తల్లిపాలు తొక్కే చోట పొయ్యకూడదని అత్త అంటే, ఒక్కొక్కటే కత్తిరించి పెరట్లో మల్లెచెట్టు మొదట్లో తానే పోసింది. కొన్ని ఇంకా గడ్డలుగానే పడ్డాయి. చీర తడిసిపోయింది. అన్నీ అయ్యాక లేచి, "నన్ను నెల్లూరు తీసకపో. మంచం లేకపోతే కింద పడుకుంటా" అంది. ఒళ్ళు కాలిపోతోంది. అత్త వద్దంది, నేను వద్దన్నాను, వినలేదు.

ఆ తర్వాత వారం రోజులు నేను మనిషిలా లేను. మూడో రోజు పాపకు విరేచనంలో రక్తం పడింది. ప్లేట్‌లెట్స్ పడిపోయాయి, ఎక్కించారు. ఎక్స్-రే తీసిన ప్రతిసారీ తలుపు దగ్గర నిలబడేవాణ్ణి. "అలాగే ఉంది" అంటే ఎనిమిది గంటల ఆయుష్షు ఇచ్చినట్టు ఉండేది. కామాక్షి వరండాలో కుర్చీలో కూర్చుని పంపు నొక్కేది. చుక్క చుక్కగా వచ్చేవి. ఒకరోజు పంపు విసిరికొట్టింది.

"తాగే దిక్కు లేదు గదా. ఎవరి కోసం తియ్యాల సిస్టర్?" అని ఏడ్చింది.

సిస్టర్ పంపు ఏరి, కడిగి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "పాప ఏ రోజు తాగుతుందో ఆ రోజుకి నీ దగ్గర ఉండాలి. ఆపితే ఎండిపోతాయి. నేను పక్కన కూర్చుంటా, తియ్యి" అంది. నేను అబద్ధం చెప్పిన మనిషి ఆమె. డ్యూటీ దిగిపోయాక కూడా మా కోసం అక్కడే కూర్చుంది. మరుసటి రోజు నుంచి తల్లుల గదిలో ఒక మంచం కూడా ఇప్పించింది.

ఎనిమిదో రోజుకు పొట్ట దిగింది. డాక్టర్ స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నారు. "పేగులు కదులుతున్నాయి. రేపు తల్లి దగ్గర అప్పుడే తీసిన పాలు ఒక ఎంఎల్ ఇద్దాం. తేడా వస్తే ఆపేస్తాం" అన్నారు. మరునాడు ఆ ఒక్క ఎంఎల్ గొట్టంలో దిగుతుంటే కామాక్షి నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగబడ్డాయి. ఆ రోజు ఏ తేడా రాలేదు. మరునాడు రెండు ఎంఎల్.

కల్చర్ రిపోర్టులో ఏమీ తేలలేదు. తేలి ఉంటే నయమా, తేలకపోవడం నయమా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత ఆస్పత్రి ఫ్రీజర్‌లో పెట్టిన పాలు వాడాల్సి వచ్చినప్పుడు సిస్టర్ నన్నే పిలిచింది. నేర్చుకో, ఇంటికి పోయాక నువ్వే చెయ్యాలి అంది. ముందు రోజే ఫ్రీజర్ నుంచి కింద అరలోకి దింపాలి. తొందరైతే మూత గట్టిగా పెట్టి గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో ఉంచాలి. పొయ్యి మీద పెట్టకూడదు, మైక్రోవేవ్ అసలే వద్దు. పైన తేలిన మీగడ కలవడానికి మెల్లగా తిప్పితే చాలు. కరిగినవి ఫ్రిజ్‌లో ఉన్నా ఒక్కరోజులోనే వాడెయ్యాలి. తాగగా మిగిలింది పారబొయ్యాలి. నేను "తెలుసు" అనకుండా విన్న మొదటి పాఠం అది. రెండుసార్లు అడిగి మరీ తెలుసుకున్నాను.

యాభై ఆరో రోజున డిశ్చార్జ్ చేశారు. పద్దెనిమిది వందల గ్రాములు. జాహ్నవి అని పేరు పెట్టుకున్నాం. ఇప్పుడు రెండున్నరేళ్ళు. తోటి పిల్లల కంటే ఆలస్యంగా నడిచింది. పొట్ట కొంచెం ఉబ్బినా ఈ రోజుకీ పరుగున పోయి తడిమి చూస్తాను, తీరా అది ఎక్కువ తిని ఉంటుంది. నేను ఐస్ పనిలోనే ఉన్నాను. మా చుట్టుపక్కల ఎవరికైనా పాప ఎన్ఐసీయూలో ఉందంటే పోయి కనిపిస్తాను. నేను చెప్పేది ఒక్కటే. పాలు కరిగితే కరిగాయని సిస్టర్‌కి చెప్పండి. రవ్వంత మెత్తబడ్డాయేమోనని అనుమానం ఉన్నా చెప్పండి. వాడొచ్చో వాడకూడదో వాళ్ళు తేల్చుతారు. మన భార్య కష్టం వృథా అవుతుందని, మన పరువు పోతుందని దాచొద్దు.

ఇది రాసి పత్రికకు పంపే ముందు కామాక్షికి చదివి వినిపించాను. పాప ఆమె పక్కన నిద్రపోతోంది. సిస్టర్ అడిగిన చోటికి రాగానే ఆపమంది.

"కరిగినాయా అని ఆమె నిన్ను అడిగిందా?"

"అడిగింది."

"నువ్వు లేదన్నావా? అన్నాక పాపకి పట్టించినారా?"

"ఊఁ" అన్నాను.

లేచి లోపలికి పోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అన్నం మాత్రం పెట్టింది. మూడో రోజు నేను పనికి బయలుదేరుతుంటే వాకిట్లోకి వచ్చింది.

"ఆ కాగితాలు పంపించు. నీ పేరు పెట్టే పంపించు. ఆ లేదన్న మాట మాత్రం కొట్టెయ్యబాక" అంది.

కొట్టెయ్యలేదు. నా పేరు పెంచలయ్య.